కథకి ప్లాన్ వేస్తే ప్రాణం పోతుందా?

అపోహ: ముందే ప్లాన్ వేసుకుంటే కథ చచ్చిపోతుంది.

మా విజయనగరంలో కొత్తగా రాసేవాళ్లు కథ పట్టుకొచ్చినప్పుడు నేను ఎక్కువగా వినే మాట ఇది. ప్లాన్ అంటే శిలాశాసనమనుకుని భయం. నా ప్లాన్ కరెంటు బిల్లు వెనక నాలుగు లైన్లు. కథ సగమయ్యేసరికి రెండు కొట్టేస్తాను. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో ఆడింది, 1897లో అచ్చయింది. అయినా ఊరుకోకుండా 1909 కూర్పుకి ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. మన నాలుగు లైన్లకి అంత పట్టింపు దేనికి?

అపోహ: సంఘటనలు ఎక్కువుంటే ప్లాట్ గట్టిగా ఉన్నట్టు.

ఈ గోతిలో నేనూ పడ్డాను. పొందూరులో నూలు వడికే ముసలమ్మ మీద కథ రాశాను. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, మనవడు పనికోసం చెన్నై పోవడం, తుఫాను, ఒక చావు. పన్నెండు పేజీలు. చదివిన స్నేహితుడు "అంతా బాగుంది గానీ, ఆవిడకేం కావాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతున్నాయి తప్ప, ఒకదాని వల్ల ఒకటి జరగట్లేదు.

తుఫాను, చావు తీసేశాను. (చేప దవడ మాత్రం వదల్లేకపోయాను.) ఇప్పుడు మనవడు ఊరు దాటడం ఆవిడకి ఇష్టం లేదు. అందుకని బియ్యం డబ్బాలో దాచిన డబ్బు లేదని అబద్ధమాడింది. లేదంది కాబట్టి వాడు అప్పు చేసి వెళ్లాడు. అప్పుంది కాబట్టి సంక్రాంతికి కూడా రాలేదు. ఐదు పేజీల్లో సరిపోయింది. రెండు సీన్ల మధ్య 'ఆ తర్వాత' తప్ప ఇంకేం పట్టకపోతే నాకు అనుమానమే.

అపోహ: కథని మొదట్నుంచే మొదలెట్టాలి.

1910 నాటి గురజాడ కథ 'దిద్దుబాటు'లో భర్త అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు దగ్గర నిలబడడమే ఎత్తుగడ. పెళ్లి దగ్గర్నుంచి చెప్పుకురాలేదు.

అపోహ: ఐదు మెట్ల పటం (ఆరంభం, ఎక్కడం, శిఖరం, దిగడం, ముగింపు) ప్రకారం రాస్తే చాలు.

ఆ పటం 1863లో ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత ఐదంకాల నాటకాలని విడదీసి చూపించడానికి వేసింది. చిన్న కథకి తొడిగితే వదులవుతుంది. రాశాక ఎక్కడ నీరసించిందో చూసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

అపోహ: కొసమెరుపు లేనిదే ముగింపు కాదు.

అతికించిన మెరుపు రెండోసారి చదివితే ఊడిపోతుంది. నా ముసలమ్మ కథ ముగింపు మూడుసార్లు మార్చాను. ప్రస్తుతానికి మనవడు ఫోన్లో అప్పు సంగతి చెప్తుంటే, ఆవిడ బియ్యం డబ్బా మూత మీద చెయ్యేసి కూర్చుని ఉంది.