ఎండ, అప్పు, కిడ్నీ

మార్చి వచ్చిందంటే పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పని చీకటితోనే మొదలవుతుంది. భర్త మట్టి పిసికి ముద్దలు చేసి ఇస్తుంటే, భార్య గొంతుక్కూర్చుని అచ్చులో కొట్టి వరసగా ఇటుకలు పరుచుకుంటూ పోతుంది. పిల్లవాడు కాస్త ఆరిన ఇటుకల్ని పక్కకు తిప్పుతుంటాడు. వీళ్లలో ఎక్కువమంది ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల వాళ్లు. ఊళ్లోనే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పండగలు దాటాక కుటుంబంతో సహా రైలెక్కుతారు. తొలకరికి తిరిగి వెళ్తారు. కూలి రోజుకు ఇంత అని ఉండదు, వెయ్యి ఇటుకలకు ఇంత. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు ఆపాలో ఆ లెక్కే చెబుతుంది.

వాతావరణ మార్పు, వలస, ఆరోగ్యం అనగానే మనకు తుపానులో కూలిన ఇళ్లు, పునరావాస శిబిరాల్లో అతిసారం గుర్తొస్తాయి. అవీ నిజమే. కానీ టీవీలో కనిపించని నష్టం మరొకటి పనిచేసే మనిషి కిడ్నీలో జరుగుతోంది. ఉత్త ఎండనైతే శరీరం చాలావరకు తట్టుకుంటుంది. ఎండకు అప్పు, గుత్త కూలి, రేకుల గది తోడైతే తట్టుకోలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

వానలు పడక ఊరు వదిలారని ఒక్క మాటలో అనేస్తాం. అసలు సంగతి కాస్త మెలికగా ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి వైపు కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల్లో ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే పని వెతుక్కుంటూ వలస, పోతాయి. ఒక ఏడాది వాన ఎగ్గొడితే తిండికి ఎలాగో నెట్టుకొస్తారు. విత్తనానికి, మందులకు, బోరుకు చేసిన అప్పు మాత్రం అలాగే కూర్చుంటుంది. ఆ అప్పు తీర్చడానికే గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు బయల్దేరతారు. ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు, పిల్లల బడి మధ్యలో ఆగుతుంది. వాతావరణం దెబ్బకు 2050 నాటికి ఆరు ప్రాంతాల్లో కలిపి 21.6 కోట్ల మంది దాకా సొంత దేశంలోనే ఊళ్లు మారాల్సి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. సరిహద్దులు దాటే జనం గురించి వచ్చే వార్తల సందడిలో ఈ సంగతి మరుగున పడుతోంది. ఎక్కువ వలస పక్క జిల్లాకో పక్క రాష్ట్రానికో జరిగేదే.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. కండరం పనిచేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలిందంతా వేడే. ఆ వేడి బయటకు పోకపోతే ఒంటి ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుంచి పైకి పాకుతుంది. దాన్ని బయటకు పంపే ముఖ్యమైన మార్గం చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. ఎండలో కష్టం చేసేవాళ్లకు గంటకు లీటరు చెమట పట్టడం మామూలే. అయితే చెమట ఆరితేనే చల్లదనం. ఆరకుండా కారిపోతే ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడమే తప్ప ప్రయోజనం లేదు. కోస్తాలో ఉక్కపోత రోజుల్లో జరిగేది అదే. అందుకే శాస్త్రవేత్తలు మామూలు థర్మామీటరుతో పాటు బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరునూ చూస్తారు. ఆ తడి బల్బు 35 డిగ్రీలు చూపిస్తే ఆరోగ్యవంతుడైనా, నీడలో ఊరికే కూర్చున్నా ఎక్కువసేపు బతకలేడని 2010లో లెక్క వేశారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద పరీక్షిస్తే, తేమ ఎక్కువున్న గదిలో తడి బల్బు 31 డిగ్రీల దగ్గరున్నప్పుడే ఒంటి వేడి అదుపు తప్పింది. వాళ్లతో చేయించింది ఇంటి పనులంత తేలిక పని. బట్టీ పనిని దానితో పోల్చలేం.

శరీరం ఎండకు అలవాటు పడగలదు కూడా. వారం, రెండు వారాలు కొద్దికొద్దిగా పని పెంచుకుంటూ పోతే చెమట త్వరగా పడుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. కొత్తగా వచ్చినవాడికి ఆ రక్షణ ఉండదు. పనిచోట వడదెబ్బతో పోయేవాళ్లలో దాదాపు సగం మంది మొదటి రోజే, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే పోతున్నారని అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా చెబుతోంది. తొలిరోజు మామూలు పనిలో ఐదో వంతు చేయించి, రోజుకు మరో ఐదో వంతు చొప్పున పెంచాలని అక్కడి సూచన. మన దగ్గర రైలు దిగిన మర్నాడే పూర్తి పని. ఏటా కొత్త చోటికి పోయేవాళ్లు ఏటా ఈ ప్రమాదాన్ని మొదటి నుంచి దాటాల్సిందే.

ఇక కిడ్నీ. మనం తీరిగ్గా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు రెండు కిడ్నీలకే వెళ్తుంది. ఎండలో పనిచేస్తుంటే రక్తం చర్మానికి, కండరాలకు మళ్లుతుంది, కిడ్నీల వాటా తగ్గుతుంది. ఉన్న నీటిని కాపాడుకోమంటూ మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోను వస్తుంది, మూత్రం చిక్కబడుతుంది. అలిసిపోయిన కండరాలు దెబ్బతిని వాటిలోని ప్రోటీను రక్తంలోకి చేరుతుంది, యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. అందే రక్తం తక్కువ, వడకట్టాల్సిన చెత్త ఎక్కువ. ఒక రోజు ఇలా జరిగితే కిడ్నీ కోలుకుంటుంది. సీజన్ పొడవునా రోజూ జరిగితే కిడ్నీలోని సన్నని గొట్టాల చుట్టూ మచ్చ కడుతుంది. ఆ మచ్చ పోదు. దీనికి తోడు ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో తీసుకునే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా నాళాల్ని తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని శరీరంలోనే తయారవుతాయి. ఈ బిళ్లలు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. పగలంతా ఎండలో ఉండి సాయంత్రం ఆ బిళ్ల వేసుకునే మనిషికి నొప్పి తగ్గుతుంది, లోపల జరిగేది తెలియదు. కిడ్నీ శక్తి సగం దాకా పోయినా, కిడ్నీ పనితీరు తెలుసుకోడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు.

ఈ జబ్బు ప్రపంచం దృష్టికి వచ్చింది చెరకు తోటల వల్ల. షుగరు, బీపీ లేని మగవాళ్లు, పొలాల్లో పనిచేసినవాళ్లు, కిడ్నీలు పూర్తిగా చెడిపోయి ఆసుపత్రికి వస్తున్నారని 2002లో ఎల్ సాల్వడోర్ వైద్యులు రాశారు. పక్కనున్న నికరాగువాలో చిచిగాల్పా దగ్గర లా ఇస్లా అనే ఊళ్లో ఎంతమంది మగవాళ్లు పోయారంటే దాన్ని విధవల దీవి అని పిలవసాగారు. పురుగుమందుల్ని, నీళ్లలోని లోహాల్ని అనుమానించారు, ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. కానీ చర్చ తేలేదాకా ఆగకుండా అక్కడి ఒక చక్కెర మిల్లు, లా ఇస్లా నెట్‌వర్క్ అనే సంస్థ కలిసి చెరకు నరికేవాళ్లకు నీడ గుడారాలు, నీళ్లు, ఉప్పు చక్కెర కలిపిన పానీయం, తప్పనిసరి విరామాలు ఏర్పాటు చేశాయి. విరామాలు పెంచిన సీజన్లో కిడ్నీలు దెబ్బతిన్న కూలీలు బాగా తగ్గారు. ఎండ మన చేతిలో లేకపోయినా జబ్బు కొంత మన చేతిలో ఉందని తేలింది.

నన్ను అంతకంటే ఎక్కువ కదిలించింది కాలిఫోర్నియా పొలాల్లో జరిగిన ఒక పరిశోధన. అక్కడి కూలీల్లో మెక్సికో నుంచి వలస వచ్చినవాళ్లే ఎక్కువ. 283 మందికి పనికి ముందు, పని తర్వాత రక్తం పరీక్షించారు. ఒక్క రోజు పనితోనే 35 మందిలో కిడ్నీ దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. గంటల లెక్కన కూలి తీసుకునేవాళ్ల కంటే ఎంత కోస్తే అంత అనే లెక్కన తీసుకునేవాళ్లలో ఈ ప్రమాదం నాలుగు రెట్ల పైన తేలింది. ఎండ ఒకటే, పని చేసేదీ పొలాల్లోనే. తేడా కూలి ఇచ్చే పద్ధతిలో. వెయ్యి ఇటుకలకు ఇంత, కిలో మిరపకాయలకు ఇంత అనే మన లెక్క కూడా ఇదే. నీళ్ల కోసం లేస్తే కూలి పోతుంది. అందుకే ఎండలో నీళ్లు ఎక్కువ తాగండని పోస్టరు అంటించి ఊరుకుంటే వీళ్లకు ఉపయోగం లేదు. తాగడానికి పట్టే టైముకు కూడా డబ్బు కట్టాలి.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కామారెడ్డి వైపు ఊళ్లకు గల్ఫ్ నుంచి శవపేటిక రావడం కొత్త కాదు. కాగితం మీద గుండెపోటు అనో సహజ మరణం అనో ఉంటుంది. మెడికల్‌లో ఫిట్ అయి వెళ్లిన ముప్ఫై ఏళ్ల పిల్లవాడికి సహజ మరణం ఏమిటని ఇంట్లోవాళ్లు అడుగుతారు. నేపాలీ కార్మికుల విషయంలో ఈ ప్రశ్నకు కొంత జవాబు దొరికింది. 2009 నుంచి 2017 దాకా ఖతర్‌లో చనిపోయినవాళ్ల వివరాలను అక్కడి వేడితో పోల్చి ఒక బృందం 2019లో ప్రచురించింది. గుండె జబ్బు అని రాసిన 571 మరణాల్లో 200 దాకా, ఎండ నుంచి రక్షణ ఉండి ఉంటే ఆగేవని వాళ్ల అంచనా. మన జిల్లాల వాళ్ల మరణాల మీద కూడా ఇలాంటి లెక్క తీయడం ప్రభుత్వాలకు కష్టమేమీ కాదు. ఖతర్ 2021లో వేసవి నియమాలు మార్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని ఆపాలి. వేడి, తేమ, ఎండ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాలి. మంచి మార్పే. కానీ నియమం సైటు వరకే. క్యాంపు గదిలో మంచాల మీద మంచాలు వేసి, ఏసీ పనిచేయక, రాత్రి కూడా ఒళ్లు చల్లబడకపోతే మర్నాటి పని ముందురోజు వేడి మీదే మొదలవుతుంది. ఖల్లివెల్లిగా, అంటే సరైన కాగితాలు లేకుండా, మిగిలినవాళ్లు ఆసుపత్రికి వెళ్లడానికే భయపడతారు. ఇంత దూరం పోకపోయినా, హైదరాబాద్ శివార్లలో కట్టే అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లలో రాత్రి ఉక్క ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు.

ఆడవాళ్ల కష్టం ఇంకో మెట్టు పైన. బట్టీ దగ్గర, పొలం దగ్గర మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు చేసే పని ఒకటే, నీళ్లు తాగకుండా ఉండటం. దాహాన్ని అలా ఆపుకుంటే మూత్రనాళాల ఇన్ఫెక్షన్లు, వాటి వెంట కిడ్నీ సమస్యలు. తమిళనాడులో 2017 నుంచి 800 మంది గర్భిణుల్ని గమనించిన చెన్నై శ్రీరామచంద్ర సంస్థ పరిశోధకులు, ఎక్కువ వేడిలో పనిచేసేవాళ్లలో గర్భస్రావం, మృతశిశువు పుట్టడం రెట్టింపు అయినట్లు చూపించారు. ఒక మరుగుదొడ్డి కట్టించడం కిడ్నీ వైద్యంలో భాగమే అని నా అభిప్రాయం.

మన ఉద్దానం సంగతి ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడుకోవాలి. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో ఏళ్లుగా కిడ్నీ జబ్బు ఇళ్లను ఖాళీ చేస్తోంది. దానికి ఒకే కారణం ఇంతవరకూ తేలలేదు. అదంతా ఎండ వల్లే అనడం తప్పు. కానీ ఆ ప్రాంతం మీద వాతావరణం ఇంకో వైపు నుంచి దెబ్బ కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. కొబ్బరి మొక్క పెట్టి కాపు చూడాలంటే ఏళ్లు పడుతుంది. అంతదాకా చేతిలో డబ్బు ఆడాలంటే పట్నం పోవాలి. జబ్బు మనిషి ఉన్న కుటుంబానికి పట్నం పోయే వీల్లేదు, ఎందుకంటే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. తుపాను రోజుల్లో కరెంటు పోయి, రోడ్ల మీద చెట్లు పడితే ఆ డయాలసిస్ కూడా ఆగుతుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. తుపాను హెచ్చరిక రాగానే డయాలసిస్ మీద ఉన్నవాళ్లను ముందుగానే ఆసుపత్రికి దగ్గరగా చేర్చే ఏర్పాటు కూడా దానికి తోడవ్వాలి.

పని వేడితో ముడిపడ్డ దీర్ఘకాల కిడ్నీ జబ్బుతో ప్రపంచంలో 2.62 కోట్ల మంది బతుకుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో లెక్క చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది మీద ఏ ప్రభుత్వ రిజిస్టరులోనూ ఆ కారణం రాసి ఉండదు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది, 2025లో వడదెబ్బ మరణాన్ని విపత్తుగా గుర్తించి 4 లక్షల సాయం ప్రకటించింది. ఈ రెండూ అవసరమే. కిడ్నీలు చెడి బతికి తిరిగొచ్చినవాళ్లకు మాత్రం ఈ రెండింటిలో చోటు లేదు. వాళ్లకూ చోటు కల్పించడం మజ్జిగ కేంద్రాలు పెట్టడం కంటే కష్టమైన పని, అయినా చేయదగ్గదే. రేషన్ కార్డు ఊరు దాటే ఏర్పాటు 2019లో మొదలైన చోట్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. బియ్యం మనిషి వెంట వెళ్లగలిగినప్పుడు పిల్లల టీకాల వివరాలు, గర్భిణి కార్డు, రక్త పరీక్ష కాగితం కూడా వెళ్లగలవు.

సుగ్గి నుంచి, బట్టీల నుంచి, గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చినవాళ్లకు పీహెచ్‌సీలో ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయవచ్చు. రెండూ చవకైనవే. ఓపీ చీటీ మీద ఎక్కడ పనిచేశారు, ఏ పని, ఎన్నేళ్లు అని మూడు గడులు గీస్తే చాలు, డాక్టరుకు అనుమానం రావాల్సిన చోట వస్తుంది. తొలి దశలో బయటపడితే నొప్పి బిళ్లలు మానేసి, బీపీ అదుపులో పెట్టుకుని, పని వేళలు మార్చుకుని డయాలసిస్‌ను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టవచ్చు.