ఎంబీబీఎస్ కాదు, మిషన్: ఫిలిప్పీన్స్‌లో నా రెండేళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

ఫిలిప్పీన్స్‌లో రెండేళ్ళు ఉండి వచ్చానని చెబితే విశాఖపట్నంలో ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎంబీబీఎస్సా?" కాదండీ అంటే వెంటనే రెండోది: "మధ్యలో మానేశావా?"

2017 ఆగస్టు నుంచి 2019 ఆగస్టు వరకు నేను సెబు ద్వీపంలో మిషనరీగా, అంటే సంఘం తరఫున మతబోధ చేసేవాడిగా ఉన్నాను. ఆ సేవాకాలాన్నే మిషన్ అంటాం. జనం మోర్మన్లు అని పిలిచే సంఘం మాది. అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మోర్మన్ అనే మాట మాని పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి మా సంఘ అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ గట్టిగా చెప్పారు. అయితే నన్ను అడిగేవాళ్ళందరూ ఆ పాత మాటతోనే అడుగుతారు కాబట్టి ఇక్కడ దాన్ని పూర్తిగా తప్పించలేను.

నేను పుట్టి పెరిగింది వన్ టౌన్‌లో. గుడి ఉన్న కొండ, దర్గా ఉన్న కొండ, చర్చి ఉన్న రాస్ హిల్, మూడూ పక్కపక్కన కనిపించే చోటు. ఇప్పుడు పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో లెక్కలు రాస్తాను. ఆదివారాలు మా బ్రాంచిలో, అంటే మా చిన్న స్థానిక సంఘంలో, మిషన్‌కు దరఖాస్తు పెట్టుకునే కుర్రాళ్ళతో కూర్చుంటాను. అపోహలు బయటివాళ్ళకే ఉంటాయనుకునేవాణ్ణి. లోపలివాళ్ళవి ఇంకా ముదురు.

అపోహ: "నెలనెలా డాలర్లలో జీతం ఇస్తారట"

మా పెదనాన్న దీన్ని ఇప్పటికీ నమ్ముతాడు. జీతం లేదు పెదనాన్నా, మనమే కట్టాలి అంటే, "మరి నువ్వంత తెలివితక్కువవాడివా?" అంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వాస్తవం ఏమిటంటే, మిషనరీ ఖర్చును అతనూ అతని కుటుంబమూ భరించాలి. అమెరికా కుటుంబాలు నెలకు 400 డాలర్లు కట్టేవి, 2020 జూలై నుంచి అది 500 అయింది. కొడుకు టోక్యోలో ఉన్నా మనీలాలో ఉన్నా అదే మొత్తం. మన దేశం నుంచి వెళ్ళేవాళ్ళు స్తోమతను బట్టి అంతకన్నా తక్కువే కడతారు. తగ్గినదాన్ని సభ్యుల విరాళాలతో నడిచే నిధి పూడుస్తుంది. నా వంతు కోసం నేను పద్నాలుగు నెలలు ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పనిచేసి దాచాను. అక్కడ తిండికి, ప్రయాణాలకు ప్రతి నెలా కొంత సొమ్ము ఇస్తారు. మూడో వారం చివరికి అది కోడిగుడ్ల మీదకు దిగుతుంది.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఇంకొకటి: మతం మారిస్తే తలకు ఇంత అని ముడుతుందట, మారినవాళ్ళకూ ముడుతుందట. మా సంఘంలో చేరినవారు ఆదాయంలో పదో వంతు దశమభాగంగా ఇవ్వాలి, నెల మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి ఆ భోజనాల ఖర్చు బీదలకు ఇవ్వాలి. డబ్బు ఆశతో వచ్చేవాడికి ఇంతకంటే నష్టపు బేరం ఉండదు.

అంకెల ఒత్తిడి అసలు లేదని మాత్రం నేను చెప్పను. ఎంతమందికి పాఠం చెప్పాము, ఎంతమంది ఆదివారం వచ్చారు, ప్రతి వారం లెక్క పంపేవాళ్ళం. ఆ లెక్క తక్కువగా ఉన్న వారం కొందరు నాయకుల గొంతు మారేది. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

అపోహ: "నచ్చిన దేశం ఎంచుకోవచ్చు"

దరఖాస్తులో ఆ గడే ఉండదు. సంఘ అధ్యక్షుడి సంతకంతో పిలుపు ఉత్తరం వస్తుంది, ఎక్కడికంటే అక్కడికి వెళ్ళాలి. మనవాళ్ళలో చాలామందికి మన దేశంలోనే పడుతుంది, బెంగళూరు మిషన్ లేదా న్యూఢిల్లీ మిషన్ (మిషనరీలు పనిచేసే ప్రాంతాన్నీ మిషన్ అనే అంటాం). మొదటిది 1993లో, రెండోది 2007లో ఏర్పడ్డాయి. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. గడువు తీరితే ఇంటికే. "అక్కడే ఉండిపోవచ్చు కదా" అని సలహా ఇచ్చేవాళ్ళకు ఇదే నా సమాధానం.

అపోహ: "దీవులకు వెళ్ళావు, హాయిగా బీచ్‌లో తిరిగి ఉంటావు"

ఇది వింటే నాకు నిజంగా ఏడుపు వస్తుంది. మిషనరీలు ఈతకు దిగకూడదు. భద్రత కోసం పెట్టిన నియమం. ఆర్కే బీచ్‌లో పడి లేచి పెరిగినవాణ్ణి నేను. సెబులో మేమున్న ఒక ఇంటి వంటగది కిటికీలోంచి సముద్రం కనిపించేది. అద్దంలా ఉండే నీళ్ళు, అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. మన అలల మోత అక్కడ లేదు. తెల్ల చొక్కా, టై, నల్ల ప్యాంటు, జేబు మీద నల్ల పలక, చంకలో పుస్తకం, పక్కన సముద్రం. అక్కడ ఉన్నన్నాళ్ళూ మోకాలి లోతుకు కూడా దిగలేదు. తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఇంకా సామాను విప్పకుండానే వెళ్ళి తడిసి వచ్చాను. ఇలా బట్టలు తడుపుకోవడానికా రెండేళ్ళు ఉండి వచ్చావు అని అమ్మ తిట్టింది.

ఆ పలక గురించి ఒక మాట. దాని మీద ఎల్డర్ అని, పక్కన ఇంటిపేరు ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద. పందొమ్మిదేళ్ళవాడు పెద్ద ఎలా అయ్యాడని అక్కడి ముసలమ్మలు కూడా నవ్వేవారు. మన తెలుగువాళ్ళకు దానికంటే వింత ఇంటిపేరుతో పిలిపించుకోవడం. జీవితమంతా పేరుకు ముందు ఒక పొడి అక్షరంగా బతికిన మా ఇంటిపేరు ఒక్కసారిగా నేనైపోయింది. నా అసలు పేరు ఏమిటో సెబులో మేమున్న వీధి పిల్లలకు చివరిదాకా తెలియదు.

అపోహ: "పరాయి దేశంలో ఒంటరిగా ఎలా ఉన్నావు బాబూ?"

ఒంటరితనమా! రెండేళ్ళలో నేను ఒంటరిగా ఉన్నది స్నానాల గదిలోనే. మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా ఉంటారు. ఒకరి కంటికీ చెవికీ మరొకరు అందుబాటులో ఉండాలి. ఎవరితో ఉండాలో ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద అయిన మిషన్ అధ్యక్షుడు నిర్ణయిస్తారు. ఆరు వారాలకు ఒకసారి మార్పులు వస్తాయి, అప్పుడు జోడీ మారవచ్చు, ఊరు మారవచ్చు, ఏదీ మారకపోవచ్చు. పెళ్ళిచూపులు లేని పెళ్ళి అనుకోండి, కాకపోతే గడువు ఉంటుంది.

నాకు మొదట పడిన సహచరుడు అమెరికాలోని యూటా కుర్రాడు. మంచివాడు, కానీ నిద్రలో పళ్ళు కొరికేవాడు. రెండో అతను పసిఫిక్ ద్వీపదేశం టోంగా నుంచి వచ్చాడు. నా ఆవకాయ సీసాను చూసి జామ్ అనుకుని రొట్టెకు పూసుకుని తిన్నాడు, తిని కన్నీళ్ళతో ఇంకా కావాలన్నాడు. అమ్మ ఏడాదికి సరిపడా పంపింది మూడు వారాల్లో అయిపోయింది. మూడో అతనితో నాకు పడలేదు. కారణం చెబితే మీరు నవ్వుతారు: అతను తిన్న పళ్ళేన్ని మర్నాటిదాకా కడిగేవాడు కాదు. చీమలు. ఆ చీమల మీద నేను చేసినంత ప్రార్థన మరి దేని మీదా చేయలేదు.

వారానికి ఒకసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఎదుటివాడిలో నచ్చినవీ నచ్చనివీ ముఖం మీదే చెప్పుకోవాలి. ఇది నియమం. మొదటి నెలల్లో నేను "అన్నీ బాగానే ఉన్నాయి" అని తప్పించుకునేవాణ్ణి, మన ఇళ్ళలో నేర్చుకునేది అదే కదా. పళ్ళేల సంగతి నోరు తెరిచి చెప్పడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. అతను కూడా ఒకటి చెప్పాడు: నేను పాఠం చెప్పేటప్పుడు అతనికి మాట్లాడే వీలే ఇవ్వనట. నిజమే, ఇచ్చేవాణ్ణి కాదు.

అపోహ: "పొద్దస్తమానం తలుపులు కొట్టడమే పని"

మన దేశంలో మా మిషనరీలు ఇంటింటి తలుపు కొట్టరు. సభ్యులు పరిచయం చేసినవారి దగ్గరకు, రమ్మని పిలిచినవారి దగ్గరకు వెళతారు. సెబులో తలుపు కొట్టడం ఉంది కానీ, కొట్టడానికి చాలా ఇళ్ళకు గేటు కూడా ఉండదు. బయట నిలబడి పిలవాలి. 1521లో మాగెల్లాన్ శిలువ నాటిన గడ్డ అది, జీప్నీ అనే అక్కడి జీపు బస్సు ప్రతిదానిలోనూ బాల యేసు బొమ్మ ఉంటుంది. వాళ్ళకు మేము కొత్తగా చెప్పేది ఏముంది అనిపించేది. కాదనేవాళ్ళే ఎక్కువ. అయితే కాదన్నా లోపలికి పిలిచి కూర్చోబెట్టి, ఏదో ఒకటి తినిపించి పంపేవారు.

ఉదయం ఆరున్నరకు లేవడం, రాత్రి పదిన్నరకు పడుకోవడం. మధ్యలో వ్యాయామం, చదువు, భాష, నడక, మళ్ళీ నడక. జనం ఊహించే సైకిలు నాకు దొరికింది నాలుగు నెలలే. సోమవారం మాత్రం సొంత పనుల రోజు. బట్టలు, సరుకులు, ఇంటికి ఈమెయిలు. అసలు మిషనరీ జీవితం అంటే నాకు గుర్తొచ్చేది ఆ సోమవారాలే: తెల్ల చొక్కా మెడపట్టీ మీద చెమట గీత. దాన్ని సబ్బు బిళ్ళతో, బ్రష్షుతో రుద్ది రుద్ది వదిలించాలి. మా ఇంట్లో నా చొక్కాలు అమ్మ ఉతికేది. సెబులో మూడో సోమవారం, వేళ్ళు చెక్కుకుపోయినప్పుడు, ఇరవై ఏళ్ళ చొక్కాలు ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. దరఖాస్తు పెట్టుకునే కుర్రాళ్ళకు నేను లేఖనాల గురించి తక్కువే చెబుతాను. చొక్కా ఉతకడం వచ్చా, అన్నం వండటం వచ్చా అని అడుగుతాను.

అపోహ: "మీ మతంలో నలుగురిని చేసుకోవచ్చట కదా"

ఒకప్పుడు ఉండేది. 1890లో అప్పటి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ ప్రకటనతో మానేశారు. ఇప్పుడు చేసుకుంటే సంఘం నుంచి తీసేస్తారు. నాకు ఒక్క సంబంధమే కుదరడం లేదు.

అపోహ: "ఇది అమెరికావాళ్ళు తెచ్చి పెట్టిన వ్యవహారం"

సగం నిజం. జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన సంఘమే ఇది, ముఖ్య కార్యాలయం సాల్ట్ లేక్ సిటీలో ఉంది. కానీ తెలుగు నేల మీద దీని మొదలు వేరు. సమోవాలో ఉంటూ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978 డిసెంబరులో మిషనరీలుగా హైదరాబాదు వచ్చారు. అప్పుడు బాప్తిస్మం పొందిన 22 మందీ వాళ్ళ బంధువులే. ఎల్సీ గారి తండ్రే మా పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి అనువదించే పని చేశారు. అంటే ఇక్కడికి ఇది తెల్లదొరల చేతిలో కాదు, అల్లుడూ కూతురూ పుట్టింటికి వచ్చినట్టు వచ్చింది.

అపోహ: "టీ కూడా తాగరట, పాపం"

టీ, కాఫీ, మద్యం, పొగాకు ఉండవు. జగదాంబ దగ్గర స్నేహితులు టీ తాగుతుంటే నేను బాదం పాలు తాగుతాను. పాపం ఏమీ లేదు. ఖర్చే కాస్త ఎక్కువ.

అపోహ: "ఇంటివాళ్ళతో మాట్లాడనివ్వరు"

ఇందులో కొంత నిజం ఉండేది. నేను వెళ్ళినప్పుడు ఫోను ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కు, మాతృదినోత్సవానికి. మిగతా రోజుల్లో వారానికి ఒక ఈమెయిలు. అమ్మకు ఈమెయిలు రాదు, చెల్లెలు చదివి వినిపించేది, మధ్యలో తన సొంత కవిత్వం కలిపి. 2017 క్రిస్మస్ ఫోనులో అమ్మ మాట్లాడిన మొదటి మాట "అన్నం తిన్నావా?" తర్వాత మాట్లాడలేకపోయింది. నలభై నిమిషాల్లో పదిహేను అలాగే పోయాయి.

2019 ఫిబ్రవరిలో నియమం మారింది, వారానికి ఒకసారి ఇంటికి ఫోను చేసుకోవచ్చన్నారు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. నేను సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు చేస్తే ఇక్కడ ఏడు, అమ్మ పొయ్యి దగ్గర ఉండేది. మూడో వారానికే "ఒక్క నిమిషం ఉండు, పాలవాడు వచ్చాడు" అని పెట్టేసింది. వారం వారం మాట్లాడితే మనసు ఇంటి మీదకు పోతుందని పెద్దలు కొందరు భయపడ్డారు. నా అనుభవం దానికి తలకిందులు. మాట్లాడని రోజుల్లోనే ఎక్కువగా పోయేది.

అపోహ (ఇది మావాళ్ళది): "మధ్యలో తిరిగి వచ్చాడంటే ఏదో తప్పు చేసి ఉంటాడు"

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. పంపేటప్పుడు ఊరంతా కదిలి రైల్వే స్టేషనుకు వస్తాం, ఫొటోలు దిగుతాం. ఎనిమిది నెలలకే ఆ అబ్బాయి తిరిగి వస్తే ఆదివారం వెనుక వరుసలో ఒక్కడే కూర్చుంటాడు. ఎందుకు వచ్చాడని ఎవరూ అడగరు, అందరూ గుసగుసలాడతారు. నేను చూసినవాళ్ళలో ఒకరికి కీళ్ళ జబ్బు. మరొకరికి రాత్రుళ్ళు నిద్ర లేదు, ఆకలి లేదు, ఏ కారణమూ లేకుండా కన్నీళ్ళు. ఇంటి బెంగ అని అతనికి చెప్పారు, అది దిగులు వ్యాధి (డిప్రెషన్) అని డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైంది. నా సంగతి కూడా చెప్పాలి. అయిదో నెలలో నేను పెట్టె సర్దాను. ఆ రాత్రి పళ్ళేలు కడగని ఆ సహచరుడే వంట చేసి, ఏమీ మాట్లాడకుండా తినిపించాడు. పొద్దున్నే పెట్టె విప్పాను. అదేమీ నా విశ్వాసం గొప్పతనం కాదు. ఆ పూట ఆ అన్నం లేకపోతే నేనూ వెనుక వరుసలోనే ఉండేవాణ్ణి.

"జీవితంలో అత్యుత్తమమైన రెండేళ్ళు" అనే మాట మా వేదికల మీద తరచూ వినిపిస్తుంది. కుర్రాళ్ళకు ఆ మాట చెప్పడం నేను మానేశాను.

అపోహ: "రెండేళ్ళు విదేశంలో ఉంటే ఇంగ్లీషు దంచేస్తావు"

నా ఇంగ్లీషు వెళ్ళినట్టే తిరిగి వచ్చింది. నేర్చుకున్నది సెబు జనం మాట్లాడే సెబువానో. మనీలాలోని శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు నేర్పి పంపేశారు. అక్కడ అమెరికా కుర్రాళ్ళు తల పట్టుకున్న చోట నాకు నవ్వు వచ్చింది. ఇంగ్లీషులో అంతా ఒకటే రైస్. సెబువానోలో పొలంలో ఉన్నది హుమాయ్, దంచినది బుగాస్, వండినది కాన్-ఓన్. వడ్లు, బియ్యం, అన్నం! మరొకటి, 'వుయ్' అనే మాటకు వాళ్ళకు రెండు మాటలు: కితా, కమీ. మాస్టారు అరగంట బొమ్మలు గీసి వివరించారు. మనం, మేము అని నేను పుస్తకంలో రాసుకుని కూర్చున్నాను. భాష అంతా అంత తేలిక కాదనుకోండి, క్రియలు నన్ను ఏడాది ఏడిపించాయి.

పోయిన నెల మా ఆఫీసుకు ఒక ఓడ కాగితాల పని మీద ఫిలిప్పీన్స్ నావికుడు ఒకతను వచ్చాడు. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు సెబు. కాగితాలు అందిస్తూ సెబువానోలో పలకరించాను. చేతిలో పెన్ను జారిపోయింది అతనికి. ఇక్కడ బులాడ్ దొరుకుతుందా అని అడిగాడు. అంటే ఎండు చేప. ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్ళాను. ఆ వాసన తగలగానే అతను ఆగి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. సాయంత్రం మా ఇంట్లో అమ్మ వేయించిన చేపలు, వేడి అన్నం ముందు పెట్టింది. పళ్ళెం నావైపు కూడా జరిపి అతను అన్నాడు: "మంగాఓన్ తా." తిందాం రా అని. ఆ 'తా' కితాలోదే, మనం అనే మాట. అమ్మ ఏమన్నాడని అడిగింది. కారం కాస్త తక్కువైందంటున్నాడని చెప్పాను.