పుకారు నిజమయ్యే విధానం

గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమవుతున్న ఒక పాఠకుడు ఇటీవల ఇలా అడిగారు: "హోదా, పాత్ర, కట్టుబాటు, సంస్థ అంటూ నిర్వచనాలు బట్టీ పడుతున్నాం. అందరికీ తెలిసిన విషయాలకు పేర్లు పెట్టడం తప్ప సమాజశాస్త్రంలో శాస్త్రం ఏముంది?" ఆయన విసుగులో న్యాయం ఉంది. ఆ నిర్వచనాలు ఏ గైడులోనైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. జనం నమ్మడం వల్లనే ఒక అబద్ధం నిజమైపోవచ్చునన్నది ఆ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భావన. ఆ ఒక్కదాన్ని పట్టుకుని, అది ఎలా పనిచేస్తుందో విప్పి చూపుతాను.

మనుషులు ఒక పరిస్థితిని నిజమని నమ్మితే, దాని పర్యవసానాలు నిజంగానే ఉంటాయని 1928లో అమెరికన్ సమాజశాస్త్రవేత్తలు విలియం థామస్, డొరతీ థామస్ రాశారు. మన శుక్ర మూఢాన్నే తీసుకోండి. ఆ రోజుల్లో శుక్రగ్రహం సూర్యుడికి బాగా దగ్గరగా ఉండి, ఆ వెలుగులో కంటికి ఆనదు. ఆకాశంలో జరిగేది అంతే, దానికీ మన పెళ్లిళ్లకూ ఏ సంబంధమూ లేదు. అయినా మూఢంలో పెళ్లి పెట్టుకున్న ఇంటికి చిక్కులు రావడం మాత్రం అబద్ధం కాదు. పురోహితుడు ఒప్పుకోడు, దగ్గరి చుట్టాలే మొహం చాటేస్తారు, ఆ తరువాత ఆ జంటకు ఏ చిన్న కష్టం వచ్చినా "మేం ముందే చెప్పాం" అనడానికి పదిమంది సిద్ధంగా ఉంటారు. మూఢం విడిచాక వచ్చే తొలి ముహూర్తాలకు అందరూ ఒక్కసారే ఎగబడతారు కనుక ఫంక్షన్ హాలు మొదలుకొని మేళం దాకా అన్నిటికీ గిరాకీ పెరుగుతుంది. నమ్మకం తప్పని రుజువు చేసినంత మాత్రాన ఈ పర్యవసానాలు మాయం కావు. బడిలో మూఢనమ్మకాల మీద చెప్పే పాఠాలు ఖగోళం దగ్గరే ఆగిపోయి, చుట్టాల సంగతి వదిలేయడం వల్లనే పిల్లలకు పట్టవని నా అభిప్రాయం.

మరో అమెరికన్ సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో ఈ ఆలోచనను ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లాడు. మొదట అబద్ధంగా ఉన్న మాట, తనను నమ్మినవాళ్ల చేత కొత్త పనులు చేయించి, ఆ పనుల వల్లనే చివరికి నిజమైపోవచ్చునని ఆయన చూపాడు. హేలీ తోకచుక్క ఎప్పుడు వస్తుందో ఎవరెంత జోస్యం చెప్పినా దాని కక్ష్య మారదు. బ్యాంకు మునుగుతోందన్న మాట మాత్రం బ్యాంకును ముంచగలదు. ఎందుకంటే డిపాజిటు సొమ్ము బీరువాలో ఉండదు. అందులో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి తీరే అప్పుల రూపంలో బయట తిరుగుతూ ఉంటుంది. అడిగిన వెంటనే ఇస్తామన్న హామీ, అందరూ ఒకేసారి అడగరన్న లెక్క మీదే నిలబడి ఉంది.

ఈ యంత్రాంగం మొదటి కదలికతో సహా వెలుగులోకి వచ్చిన ఉదంతం ఒకటి జపాన్‌లో ఉంది. 1973 డిసెంబరులో ఐచి రాష్ట్రంలో ముగ్గురు హైస్కూలు అమ్మాయిలు రైల్లో వెళుతున్నారు. వారిలో ఒకరికి టొయొకావా షింకిన్ అనే సహకార బ్యాంకులో ఉద్యోగం ఖాయమైంది. "బ్యాంకంటే ప్రమాదం కదా" అని స్నేహితురాళ్లు ఆటపట్టించారు. వాళ్ల మనసులో ఉన్నది దొంగలు. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి, బ్యాంకు ప్రమాదమా అని బంధువును అడిగింది. ఆ బంధువు ఇంకొకరికి ఫోను చేసి, ఆ బ్యాంకు పేరు చెప్పి మరీ వాకబు చేసింది. మాట క్షౌరశాలకు, అక్కడి నుంచి బట్టల డ్రైక్లీనింగ్ దుకాణానికి చేరింది. కొన్ని రోజుల తరువాత, ఈ పుకారు ఏమాత్రం తెలియని ఒక వ్యక్తి ఆ దుకాణంలో ఫోను అడిగి, వ్యాపార అవసరానికి ఆ బ్యాంకు నుంచి 12 లక్షల యెన్‌లు తీయమని ఇంటికి చెప్పాడు. విన్న దుకాణం ఇల్లాలికి అదే రుజువైంది. ఆ దంపతులు తమ సొమ్ము తీసేసుకుని, తెలిసినవాళ్లకల్లా కబురు పెట్టారు. బ్యాంకు ముందు వరస పెరిగింది, వరసను చూసి ఇంకొందరు వచ్చారు, సిబ్బంది సొమ్ము కాజేశారన్న కథలు పుట్టాయి. ఆ ఏడాదే చమురు సంక్షోభం వచ్చి, టాయిలెట్ పేపరు దొరకదన్న భయంతో జనం దుకాణాల మీద పడ్డ దేశం అది. పోలీసులు పుకారు మూలాన్ని వెతుక్కుంటూ పోగా, చివరికి తేలింది రైల్లోని ఆ పరిహాసమే. ఎవరికీ దురుద్దేశం లేదు.

ఈ వరసలో నిలబడ్డవాళ్లను తెలివితక్కువవాళ్లనడం తేలిక, కానీ తప్పు. పుకారు అబద్ధమని తెలిసిన డిపాజిటుదారుడు కూడా, మిగతావాళ్లు నమ్మారని అనుకుంటే, వెళ్లి నిలబడడమే మంచిది. సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1978లో దీనికి ఒక గణిత రూపం ఇచ్చాడు. ప్రతి మనిషికీ ఒక గడప ఉంటుంది: ఎంతమంది కదిలాక తానూ కదులుతాడన్న సంఖ్య. నూరుమందికి 0, 1, 2 నుంచి 99 దాకా వరుసగా గడపలున్నాయనుకోండి. సున్నా గడప ఉన్నవాడు మొదలుపెడితే ఒకటి ఉన్నవాడు, అతన్ని చూసి రెండు ఉన్నవాడు కదిలి, నూరుమందీ వీధిలో ఉంటారు. ఇప్పుడు గడప 1 ఉన్న ఒక్క మనిషి స్థానంలో గడప 2 ఉన్నవాడిని పెట్టండి: మొదటివాడు ఒంటరిగా మిగిలిపోతాడు. సాంకేతికంగా చెప్పాలంటే, గడపల సంచిత వితరణ ప్రమేయం, అంటే r లేదా అంతకన్నా తక్కువ గడప ఉన్నవాళ్లు ఎంతమందో చెప్పే లెక్క, F(r) అయితే, r = F(r) అయిన బిందువు దగ్గర సమూహం ఆగుతుంది; వితరణలో కంటికి కనిపించని మార్పు ఆ బిందువును 100 నుంచి 1కి తీసుకుపోగలదు. రెండు సమూహాల్లో 99 మంది స్వభావాలు అచ్చంగా ఒకటే. అయినా మొదటి ఊరి పత్రిక "ఉన్మాద గుంపు" అనీ, రెండో ఊరి పత్రిక "ఒక పిచ్చివాడి చేష్ట" అనీ రాస్తుంది. వ్యక్తుల స్వభావాన్ని కూడితే సమాజం రాదన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు నాకు తెలియదు.

మెర్టన్‌కు బ్యాంకు ఒక మెట్టు మాత్రమే. నల్లజాతి కార్మికులు సమ్మెలు విచ్ఛిన్నం చేస్తారని ఆరోపించి అమెరికాలో చాలా కార్మిక సంఘాలు వారిని చేర్చుకోలేదు; సంఘంలో చోటు లేక, వేరే పని దొరకక, సమ్మె జరిగే చోట యజమాని పిలిస్తే వారిలో కొందరు వెళ్లారు; అదే ఆరోపణకు సాక్ష్యమైంది. ఇక్కడ అనుభవమే అబద్ధానికి కొమ్ముకాస్తోంది కనుక "మేం కళ్లారా చూశాం" అనే వాదన చెల్లదు.

ఈ వలయాన్ని హితబోధ తెంచలేదు, సంస్థాగత మార్పు తెంచగలదని మెర్టన్ పట్టుబట్టాడు. 1930ల తొలి ఏళ్లలో వేల బ్యాంకులు కూలిన అమెరికాలో, 1934లో డిపాజిట్ల బీమా (బ్యాంకు మునిగినా ఒక పరిమితి దాకా సొమ్ము తిరిగి వస్తుందన్న హామీ) అమలులోకి వచ్చాక ఆ కూలడం దాదాపు ఆగిపోయింది. కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు 1960లో మూతపడ్డాక మన దేశంలోనూ 1962 జనవరి 1 నుంచి బీమా మొదలైంది. అప్పుడు పరిమితి 1,500 రూపాయలు, 2020 నుంచి 5 లక్షలు. గ్రానొవెటర్ భాషలో బీమా చేసే పని జనం గడపలను ఒక్కసారిగా పైకి ఎత్తడం. బీమా లేని సొమ్ము ఎక్కువగా ఉన్నచోట ఆ ఎత్తు ఉండదు. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకులో డిపాజిట్ల విలువలో 90 శాతానికి పైగా రెండున్నర లక్షల డాలర్ల పరిమితి దాటి ఉంది. వడ్డీరేట్లు పెరిగి దాని బాండ్ల విలువ నిజంగానే పడిపోయింది కనుక అది ఉత్త పుకారు కాదు. కాని 9వ తేదీన ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి అడిగే దాకా తెచ్చింది మాత్రం ఒకరిని చూసి ఒకరు కదలడమే. మర్నాడు బ్యాంకు మూతపడింది. 12వ తేదీన ప్రభుత్వం పరిమితితో పనిలేకుండా డిపాజిట్లన్నిటికీ పూచీ ప్రకటించింది.