పాటియో తలుపులు (గదికీ పెరడుకీ మధ్య పెట్టే పెద్ద గాజు తలుపులు): నాకు తరచూ ఎదురయ్యే అపోహలు

అపోహ: గాజు ఎంత పెద్దదైతే గదీ పెరడూ అంత బాగా కలిసిపోతాయి.

వాస్తవం: చూపు ముందు ఆగేది నేల దగ్గర. లోపలి టైల్స్ గడపతో ఆగిపోయి, బయట ఒక మెట్టు దిగాక వేరే రంగు రాయి మొదలైతే, గోడంతా గాజు పెట్టినా బయటిది బయటే. ఒకే రంగు టైల్స్, లోపలి గీతలు బయటి గీతలతో కలిసేలా పరిస్తే, మామూలు రెండు షట్టర్ల (గాజు రెక్కల) తలుపుతోనే గది పెరిగినట్టుంటుంది. బయట మాత్రం గరుకు ఫినిష్ వాడండి. నునుపు టైల్ తడిస్తే జారుతుంది.

అపోహ: గడప తీసేస్తే వాన నీళ్లు లోపలికొస్తాయి.

వాస్తవం: నీళ్లు పోయే దారి లేకపోతేనే వస్తాయి. తలుపు పొడవునా జాలీ మూతతో సన్నటి కాలువ ఉండాలి. బయటి నేల మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల చొప్పున ఇంటి నుంచి అవతలికి వాలాలి. తలుపు జరిగే పట్టా, అంటే ట్రాక్ కింద నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. టైల్స్ వేసేటప్పుడు వాటిని సిమెంటుతో పూడ్చేసి, తర్వాత తలుపు కారుతోందని నాకు ఫోన్ చేస్తారు! పైన చూరు లేకుండా వాన నేరుగా కొట్టే చోట మాత్రం చిన్న గడప ఉంచమనే చెబుతాను.

అపోహ: పక్కకు జరిగే స్లైడింగ్ తలుపు కన్నా మడతపడే ఫోల్డింగ్ తలుపు ఎప్పుడూ మేలు.

వాస్తవం: తెరిచినప్పుడు నిజమే. రెండు షట్టర్ల స్లైడింగ్ సగమే తెరుచుకుంటుంది, ఫోల్డింగ్ దాదాపు మొత్తం మడుచుకుంటుంది. కానీ ఏడాదిలో ఎన్ని గంటలు తెరిచి ఉంచుతారు? మూస్తే ఫోల్డింగ్‌లో నిలువు ఫ్రేములు వరసగా కంటికి అడ్డొస్తాయి. పైగా బరువు. 6 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 15 కిలోలు, రెండు పొరలైతే 30. అదంతా పైనుంచి వేలాడే రకమైతే, తలుపు పైనున్న బీమ్ కొద్దిగా వంగినా షట్టర్లు పట్టేస్తాయి. గోడ కట్టకముందే ఇంజనీరుకు చెప్పండి.

అపోహ: కర్టెన్ వేస్తే ఎండ సమస్య తీరిపోతుంది.

వాస్తవం: గాజు దాటొచ్చిన వేడిలో చాలా భాగం లోపలే ఉండిపోతుంది. నీడ గాజుకు బయటే పడాలి. సాయంత్రం పడమటి ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి చూరు ఆపలేదు, బయట నిలువు తెరో చెట్టో కావాలి.

ఇక రాత్రి సంగతి ఎవరూ అడగరు. లోపల లైటు వేస్తే గాజు అద్దమైపోయి మీ సోఫానే మీకు చూపిస్తుంది. పెరట్లో చెట్టు మీద ఒక లైటు పడేలా పెట్టి, లోపలి వెలుగు తగ్గిస్తే పెరడు మళ్లీ కనిపిస్తుంది. ఆ వైరుకు పైపు మాత్రం బయటి నేల పరవకముందే వేయించండి.