ఇరాక్ గొడవల వయసు 1400 ఏళ్లు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పశ్చిమాసియా ఆధునిక చరిత్ర చెప్పేవాళ్లకు పాఠం మొదలుపెట్టకముందే ఒక పని ఉంటుంది. విద్యార్థులు అప్పటికే టీవీ చర్చల నుంచి, వాట్సాప్ ఫార్వర్డుల నుంచి పోగేసుకొచ్చిన "చరిత్ర"ను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. బాంబులు పడ్డప్పుడే ఆ దేశాల పేర్లు మన పత్రికల్లో కనిపిస్తాయి, పొగ చల్లారాక వాటి ఊసెత్తేవాళ్లుండరు. అందుకే అక్కడ ఎప్పుడూ యుద్ధమే జరుగుతుందని, జనం పుట్టుకతోనే ఒకరికొకరు శత్రువులని అనిపిస్తుంది.

అరబ్బు దేశాలన్నిటినీ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. ఈజిప్టు కథ వేరు, సిరియాది వేరు, యెమెన్‌ది ఇంకా వేరు. అందుకని ఒక్క ఇరాక్ గురించే రాస్తున్నాను. తరగతిలో నాకు ఎక్కువ ప్రశ్నలు వచ్చేది కూడా ఆ దేశం గురించే.

అపోహ: షియాలు, సున్నీలు 1400 ఏళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఎక్కువసార్లు వినేది ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

క్రీ.శ. 680లో కర్బలా దగ్గర ముహమ్మద్ ప్రవక్త మనవడు హుస్సేన్‌ను ఖలీఫా యజీద్ సైన్యం చంపింది. షియా విశ్వాసానికి ఆ దుఃఖమే ఆయువుపట్టు. అయితే ఆ దుఃఖం ఉన్నచోటల్లా పగ ఉండి తీరాలా? మన ఊళ్లలో పీర్ల పండగ చేసేది ఆ హుస్సేన్ కోసమే. పీర్లు ఎత్తుకునేవాళ్లలో, అలావ చుట్టూ ఆడేవాళ్లలో, చదివింపులు ఇచ్చేవాళ్లలో షియాలు ఎంతమంది? చాలా ఊళ్లలో ఒక్కరూ ఉండరు, హిందువులూ సున్నీలూ కలిసి చేస్తారు.

ఘర్షణలు అసలు లేవని నేను అనడం లేదు. బాగ్దాద్ కోసం ఒట్టోమన్ తుర్కులు, ఇరాన్ సఫవీలు యుద్ధాలు చేశారు, ఇద్దరూ మతాన్ని వాడుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో అరేబియా ఎడారి నుంచి వచ్చిన వహాబీ దండు కర్బలా మీద పడి వేలమందిని చంపింది. కానీ ఇవి రాజ్యాలూ దండ్లూ చేసినవి. వీధిలో పక్కపక్క ఇళ్లవాళ్లు తరతరాలుగా కత్తులు దూసుకున్నట్టు వీటిని చెప్పడం చరిత్ర కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. దక్షిణ ఇరాక్‌లో నేడు కనిపించే షియా మెజారిటీ అంత పాతదేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో లక్నో నుంచి పాలించిన అవధ్ నవాబు అసఫుద్దౌలా ఇచ్చిన సొమ్ముతో, నీళ్లకు కటకటలాడే నజఫ్ పట్టణం కోసం యూఫ్రటీస్ నది నుంచి ఒక కాలువ తవ్వారు. హిందియా కాలువ అంటారు దాన్ని. కాలక్రమంలో నది నీళ్లలో చాలాభాగం ఆ పాయలోకే మళ్లింది. నీళ్లు వచ్చాక సేద్యం వచ్చింది. ఒంటెలూ గొర్రెలూ మేపుకుంటూ తిరిగే అరబ్బు తెగలు ఆ గట్ల వెంట స్థిరపడ్డాయి, వాటిని అలా స్థిరపరచడం ఒట్టోమన్ సర్కారు విధానం కూడా. దగ్గర్లోనే నజఫ్, కర్బలా, అక్కడి నుంచి వచ్చే మతబోధకులు. అలా 19వ శతాబ్దంలో ఆ తెగల్లో చాలా భాగం షియాలుగా మారాయి. అందుకే షమ్మర్, జుబూర్ లాంటి పెద్ద తెగల్లో ఈనాటికీ కొన్ని శాఖలు సున్నీ, కొన్ని షియా. ఒకే మూలపురుషుడి పేరు చెప్పుకునే బంధువులు వీళ్లు.

ఇక 1920. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒట్టోమన్లు ఓడిపోయాక, ఏప్రిల్‌లో గెలిచిన దేశాల సాన్ రెమో సమావేశం ఇరాక్‌ను బ్రిటన్ చేతిలో పెట్టింది. ఆ ఏడాది రంజాన్ నెలలో బాగ్దాద్ మసీదుల్లో సున్నీలు పాడే ప్రవక్త జన్మగీతాలు, షియాలు పాడే హుస్సేన్ శోకగీతాలు ఒకే రాత్రి ఒకే చోట వినిపించాయి. ప్రార్థన ముగిశాక స్వాతంత్ర్యం కోసం ఉపన్యాసాలు. కర్బలా నుంచి షియా మతపెద్ద ఆయతొల్లా మీర్జా ముహమ్మద్ తఖీ షీరాజీ ఫత్వాలతో మద్దతిచ్చారు. జూన్ 30న రుమైథాలో మొదలైన తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి సైన్యాన్ని రప్పించారు, విమానాలతో బాంబులు వేయించారు. 1400 ఏళ్ల పగ నిజమైతే ఆ రాత్రులు ఎలా సాధ్యమయ్యాయో చెప్పమని విద్యార్థులను అడుగుతాను.

అపోహ: సైక్స్, పికో అనే ఇద్దరు మ్యాపు మీద గీత గీస్తే ఇరాక్ పుట్టింది.

సగం నిజం పూర్తి అబద్ధం కంటే గట్టిగా నిలుస్తుంది. 1916లో బ్రిటన్ తరఫున సైక్స్, ఫ్రాన్స్ తరఫున పికో రహస్యంగా ఒప్పందం చేసుకున్న మాట వాస్తవమే. కానీ ఆ మ్యాపులో మోసుల్ ఫ్రాన్స్ పలుకుబడి కింద ఉంది, నేడు అది ఇరాక్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజుల్లో బ్రిటిష్ సైన్యం మోసుల్‌లోకి వెళ్లి కూర్చుంది, తర్వాత ఫ్రాన్స్ ఒప్పుకుంది, తుర్కియే మాత్రం ఒప్పుకోలేదు. 1925లో నానాజాతి సమితి తీర్పు, 1926లో ఒప్పందం అయ్యేదాకా ఉత్తరపు సరిహద్దు తేలలేదు. దక్షిణాన నజ్ద్‌తో (నేటి సౌదీ అరేబియా మధ్యభాగం) సరిహద్దు 1922లో ఉఖైర్‌లో తేలింది. పైగా ఇరాక్ అనే పేరు లండన్‌లో పుట్టింది కాదు, అరబ్బు భూగోళ రచయితలు వందల ఏళ్ల ముందునుంచే టైగ్రిస్, యూఫ్రటీస్ దిగువ దేశాన్ని అలా పిలిచారు.

ఆ గీతల కోసం చచ్చిపోయినవాళ్లలో మనవాళ్లు ఉన్నారన్నది ఎవరూ చెప్పరు. 1914 నవంబరులో బస్రాను పట్టుకున్నది భారత సైన్యం. 1916 ఏప్రిల్‌లో ఒట్టోమన్లు చేసిన కుత్ పట్టణ ముట్టడిలో లొంగిపోయిన సుమారు 13,000 మందిలో ఎక్కువమంది భారతీయులే. ఆకలితో, ఎండలో నడిపించడంతో ఆ బందీల్లో వేలమంది తిరిగి రాలేదు.

అపోహ: ఇరాన్-ఇరాక్ యుద్ధం షియా, సున్నీల యుద్ధం.

1980 సెప్టెంబరు నుంచి 1988 ఆగస్టు దాకా సాగిన ఆ యుద్ధంలో ఇరాక్ కాల్బలంలో అధికభాగం షియాలు. షియా ఇరాన్ మీద ఎనిమిదేళ్లు పోరాడింది వాళ్లే. ఇరాక్ నియంత సద్దాం హుస్సేన్ తనవైపు వస్తారనుకున్న ఇరాన్‌లోని అరబ్బులు రాలేదు. సద్దాంది అరబ్బు జాతీయవాద బాత్ పార్టీ, సిరియాలోనూ బాత్ పార్టీయే పాలిస్తున్నా అక్కడి అధ్యక్షుడు హఫీజ్ అసద్ ఇరాన్‌కు అండగా నిలిచాడు. ఇజ్రాయెల్ కూడా ఇరాన్‌కు ఆయుధాలు అమ్మింది. మతంతో లెక్కగడితే వీటిలో ఒక్కటీ కుదరదు. సరిహద్దు, షత్ అల్ అరబ్ జలమార్గం, ఇరాన్ విప్లవం తన గడప తొక్కుతుందన్న సద్దాం భయం, ఒక నియంత అత్యాశ కలిపి చూస్తే అన్నీ కుదురుతాయి.

దీని వెంటే వచ్చే మాట "సద్దాంది సున్నీల రాజ్యం" అని. ఇరాక్‌లో బాత్ పార్టీకి తొలి నాయకుడు ఫువాద్ అల్ రికాబీ, నాసిరియాకు చెందిన షియా. తర్వాత అధికారం తిక్రిత్ చుట్టుపక్కల బంధువర్గం చేతిలో ఇరుక్కుపోయింది. ఆ సర్కారు షియాల మీద చేసిన దారుణాలు నేను తగ్గించి చెప్పను: 1980 ఏప్రిల్‌లో ఆయతొల్లా ముహమ్మద్ బాకిర్ అల్ సద్ర్‌నూ, ఆయన సోదరినీ చంపారు, 1991 తిరుగుబాటును దక్షిణాది పట్టణాల్లో నెత్తుటితో అణచారు. కానీ 1988 మార్చి 16న హలబ్జాలో విషవాయువుతో చనిపోయిన సుమారు 5,000 మంది కుర్దుల్లో దాదాపు అందరూ సున్నీలే. 1979లో సద్దాం పార్టీలో తన తోటివాళ్లనే కాల్చి చంపించాడు. ఎదురు తిరిగేది ఎవరు అన్నదే అతను చూసింది.

అపోహ: అరబ్బులు, యూదులు అనాదిగా శత్రువులు.

ఈ పాఠం చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది.

20వ శతాబ్దం మొదట్లో బాగ్దాద్ నగర జనాభాలో దాదాపు మూడోవంతు యూదులు. ఇంట్లో అరబ్బీ మాట్లాడేవాళ్లు, అరబ్బీలో కథలు, కవిత్వం రాసేవాళ్లు. కొత్త ఇరాక్‌కు మొదటి ఆర్థికమంత్రి సాసన్ ఎస్కెల్ యూదుడు. 1932లో కైరోలో జరిగిన అరబ్బు సంగీత మహాసభకు ఇరాక్ తరఫున గాయకుడు ముహమ్మద్ అల్ కుబ్బాంజీ వెళితే, ఆయన వెనక వాద్యాలు వాయించినవాళ్లు దాదాపు అందరూ యూదులే. ఇరాకీ మఖామ్ అనే ఆ సంప్రదాయ సంగీతాన్ని కాపాడుకుంటూ వచ్చినవాళ్లు వాళ్లు. సాలెహ్, దావూద్ అల్ కువైతీ సోదరులు కట్టిన పాటల బాణీలు నేటికీ బాగ్దాద్‌లో వినిపిస్తాయి.

మరి ఏమైంది? 1941లో నాజీ జర్మనీ వైపు మొగ్గిన రషీద్ అలీ ప్రభుత్వం కూలిపోగానే, జూన్ 1, 2 తేదీల్లో యూదుల ఇళ్ల మీద పడ్డారు. ఫర్హూద్ అంటారు దాన్ని. సుమారు 180 మంది చనిపోయారు. ఆ రెండు రోజులూ యూదుల్ని తమ ఇళ్లలో దాచిన ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడి పాలస్తీనీయులు లక్షల్లో నిర్వాసితులయ్యాక ఇరాక్ సర్కారు తన యూదు పౌరుల మీదే అనుమానం పెంచుకుంది, ఉద్యోగాల్లోంచి తీసేసింది, 1950లో పౌరసత్వం వదులుకుంటేనే దేశం దాటనిస్తానంది, 1951లో వెళ్లేవాళ్ల ఆస్తులు స్తంభింపజేసింది. ఆ రెండేళ్లలో దాదాపు 1,20,000 మంది విమానాల్లో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. రెండున్నర వేల ఏళ్లు నిలిచిన సమాజం పదేళ్లలో ఖాళీ అయింది.

అపోహ: ఇరాకీలంతా అరబ్బులు, అరబ్బులంతా ముస్లింలు.

కుర్దులు, తుర్క్‌మెన్‌లు, అస్సీరియన్లు, యజీదీలు, మందాయీలు అనే చిన్న మతాలవాళ్లు కూడా ఇరాకీలే. ఉత్తర తెలంగాణ నుంచి ఎర్బిల్‌కు పనికెళ్లినవాళ్లకు ఇది బాగా తెలుసు, అక్కడ చెవిన పడేది కుర్దిష్. 1991లో పేపర్లలో రోజూ కనిపించిన సద్దాం మంత్రి తారిక్ అజీజ్ క్రైస్తవుడు.

అపోహ: 2003లో అమెరికా దండెత్తి సద్దాంను గద్దె దించగానే అణిగి ఉన్న పాత పగలు వాటంతట అవే బయటపడ్డాయి.

"వాటంతట అవే" అనే మాట దగ్గరే నా అభ్యంతరం. 2003 మే 16న అమెరికన్ పాలనాధికారి పాల్ బ్రెమర్ మొదటి ఉత్తర్వు ఇచ్చాడు, బాత్ పార్టీలో పై స్థాయిల్లో ఉన్నవాళ్లను ప్రభుత్వ కొలువుల నుంచి తీసేశారు. ఉద్యోగం కోసం పార్టీలో చేరిన ప్రొఫెసర్లూ, డాక్టర్లూ అందులో పోయారు. మే 23న రెండో ఉత్తర్వు, సైన్యం రద్దు. సుమారు 4 లక్షల మంది తుపాకీ పట్టడం తెలిసినవాళ్లు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. జూలైలో పాలకమండలి వేశారు: 25 మందిలో 13 మంది షియాలు, 5 మంది సున్నీ అరబ్బులు, 5 మంది కుర్దులు, ఒక తుర్క్‌మెన్, ఒక అస్సీరియన్. ఇరాక్ ఆధునిక చరిత్రలో బాహాటంగా జాతి, శాఖ లెక్కన పదవులు పంచడం అదే మొదలు. కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిని కూడా ఆ 13 మందిలో ఒకడిగా, షియాగా లెక్కేశారు. మంత్రిత్వశాఖలు అలా పంచుకున్నాక ఉద్యోగం కావాలన్నా, కాంట్రాక్టు కావాలన్నా, ప్రాణరక్షణ కావాలన్నా మనిషి తన శాఖ పార్టీ గుమ్మం తొక్కక తప్పలేదు.

అప్పటికీ జనం వెంటనే విడిపోలేదు. 2005 ఆగస్టు 31న బాగ్దాద్‌లో ఇమామ్‌ల వంతెన మీద షియా యాత్రికుల మధ్య ఆత్మాహుతి దాడి పుకారు పుట్టి తొక్కిసలాట జరిగింది, వెయ్యిమంది దాకా చనిపోయారు. వంతెనకు ఒక గట్టున షియాల కాజిమియా, ఇంకో గట్టున సున్నీల అజమియా. నదిలో పడ్డవాళ్లను కాపాడటానికి అజమియా కుర్రాళ్లు నీళ్లలోకి దూకారు. ఉస్మాన్ అల్ ఉబైదీ అనే సున్నీ యువకుడు కొందరిని గట్టుకు చేర్చి, చివరికి అలసిపోయి మునిగిపోయాడు.

ఆరు నెలలు తిరక్కుండానే, 2006 ఫిబ్రవరి 22న సమర్రాలో షియాలకు పవిత్రమైన అస్కరీ ఇమామ్‌ల దర్గా గుమ్మటాన్ని అల్ ఖైదా పేల్చివేసింది. అక్కడి నుంచి రెండేళ్లు నరకం. చెక్‌పోస్టుల్లో గుర్తింపు కార్డు చూసి, పేరు ఉమర్ అయితే సున్నీ అని ఒకరు, అలీ అయితే షియా అని ఇంకొకరు చంపారు. కలిసి బతికిన పేటలు విడిపోయాయి. 2007లో అజమియా చుట్టూ అమెరికన్ సైన్యం కాంక్రీటు గోడ కట్టింది. వద్దని అక్కడి జనం ఊరేగింపు తీశారు.

అపోహ: ఇరాక్ షియాలంతా ఇరాన్ మనుషులే.

2019 అక్టోబరు ఉద్యమం చూడండి. నాసిరియా, బస్రా, నజఫ్, కర్బలా అన్నీ షియా పట్టణాలే. షియా పార్టీలు నడిపే ప్రభుత్వం మీద తిరగబడింది షియా యువతే. "మాకొక దేశం కావాలి" అన్నది వాళ్ల నినాదం. బాగ్దాద్‌లో గాయపడ్డవాళ్లను మన ఆటోల్లాంటి టుక్‌టుక్‌లు ఆసుపత్రులకు చేరవేశాయి. నవంబరులో నజఫ్‌లోని ఇరాన్ కాన్సులేటుకు నిప్పు పెట్టారు. ప్రధాని ఆదిల్ అబ్దుల్ మహ్దీ రాజీనామా చేశాడు. అప్పటికే వందలమంది ప్రాణాలు పోయాయి.

అపోహ: అక్కడి ఆడవాళ్లకు హక్కుల సంగతి తెలిపింది అమెరికా.

1958 జూలై 14న రాజరికం కూలింది. మరుసటి ఏడాదే నజీహా అల్ దులైమీ మంత్రి అయ్యారు. వృత్తిరీత్యా డాక్టర్, అరబ్బు ప్రపంచంలో తొలి మహిళా మంత్రి. 1959లో వచ్చిన 188వ నంబరు చట్టం షియాలకూ సున్నీలకూ ఒకే కుటుంబ చట్టం తెచ్చింది. పెళ్లి వయసు 18, జడ్జి అనుమతి లేనిదే రెండో పెళ్లి లేదు, వారసత్వంలో కూతురికీ కొడుకుకీ సమాన వాటా. సమాన వాటాను 1963 కుట్ర తర్వాత వచ్చిన బాత్ సర్కారు తీసేసింది, మిగతా చట్టం నిలిచింది.

2003 డిసెంబరులో ఆ చట్టాన్ని పక్కనపెట్టి కుటుంబ వ్యవహారాలను మతశాఖల చేతికి ఇవ్వాలని తీర్మానించింది, అమెరికా నియమించిన పాలకమండలే. ఇరాకీ మహిళలు వీధుల్లోకి వచ్చారు, 2004 ఫిబ్రవరిలో తీర్మానం వెనక్కి పోయింది. షియా పార్టీలు వదల్లేదు. 2025 జనవరిలో పార్లమెంటు చట్టాన్ని సవరించింది, పెళ్లినాడే షియా జాఫరీ నియమావళిని ఎంచుకునే వీలు కల్పించింది. దానికి ఎదురు నిలిచి కోర్టుకెక్కినవాళ్లలో, బెదిరింపులు భరించినవాళ్లలో షియా కుటుంబాల ఆడవాళ్లు ఉన్నారు. ఆ సవరణ మీద పోరాటం వాళ్లింకా ఆపలేదు.