పాత మస్టాంగ్, ఇంటి గ్యారేజీ: అపోహలు – వాస్తవాలు

ఫోర్డ్ మస్టాంగ్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1964 ఏప్రిల్ 17న. పాత మజిల్ కారును (పెద్ద ఎంజిన్ ఉన్న పాత అమెరికన్ కారును) ఇంట్లోనే బాగుచేసుకోవాలనుకునేవాళ్లకు మేము ముందుగా చెప్పే బండి ఇదే. ఫ్లోరు రేకు నుంచి డోర్ హ్యాండిల్ దాకా దాదాపు అన్ని భాగాలూ ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి. అమెరికాలో రెండు కార్ల గ్యారేజీ ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది అందని పనేం కాదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లకైతే ఇది సొంత ఊరి బండి. ఫోర్డ్ వాళ్ల మెటచెన్ ప్లాంటు ఎడిసన్ పరిధిలోనే ఉండేది. 2004లో మూతపడిన ఆ ప్లాంటు నుంచే అరవైల్లో ఎన్నో మస్టాంగ్‌లు బయటికొచ్చాయి.

ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా 1965–68 బండ్ల గురించి. డబ్బూ శ్రమా ముందు కంటికి కనబడని చోట పెట్టాలి, అంటే రేకులోనూ బ్రేకుల్లోనూ. ఎంజిన్ మోజు తర్వాత తీర్చుకోవచ్చు.

అపోహ: ఎంజిన్ స్టార్టయి శుభ్రంగా తిరుగుతుంటే బండి మంచిదే.

ఎంజిన్ పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. బాడీ పోతే బండే పోయినట్టు. మస్టాంగ్‌కు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. ఫ్లోరు, రెండు పక్కల డోర్ల కింద ఉండే రాకర్ పెట్టెలు, ముందు రెయిళ్లు అన్నీ కలిసి వెల్డయి, అవే ఫ్రేముగా పనిచేస్తాయి. వీటిలో ఏది తుప్పు పట్టినా బండి నడుము వంగుతుంది.

తుప్పు మొదలయ్యేది ముందు అద్దం కింద ఉండే కౌల్ దగ్గర. వైపర్ల ముందున్న సన్న సందుల్లోంచి వాననీళ్లూ ఆకులూ లోపలికి జారతాయి. లోపల గాలి వచ్చే గొట్టాల చుట్టూ టోపీ అంచులా లేచిన రేకు ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ లోపలి భాగానికి పెయింటు సరిగా అందలేదు. ఆకులు కుళ్లి, తడి నిలిచి, ఆ అంచు చిల్లులు పడుతుంది. అక్కడి నుంచి నీళ్లు నేరుగా కాళ్ల దగ్గరి కార్పెట్ కిందికి చేరతాయి. ఫ్లోరు కిందినుంచి కుళ్లిందని అనుకుంటాం గానీ చాలా బండ్లలో అది పైనుంచి కుళ్లినదే.

కొనేముందే పరీక్ష చేయండి. ముందు కార్పెట్ రెండు వైపులా ఎత్తండి. ఒకరు డ్యాష్ కింద తల పెట్టి టార్చి పట్టుకోవాలి, ఇంకొకరు కౌల్ సందుల్లో ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు నెమ్మదిగా రెండు మూడు లీటర్ల నీళ్లు పోయాలి. నీళ్లు ముందు ఫెండర్ల వెనకనుంచి కిందికి కారిపోతే మంచిదే. డ్యాష్ కింద ఒక్క చుక్క రాలినా కౌల్ పోయినట్టే లెక్క. చుక్క ఎక్కడినుంచి వస్తోందో వేలితో తడిమితే తెలుస్తుంది: గొట్టం అంచు బిస్కెట్టులా గరగరలాడుతూ వేలికి ఎర్రటి పొడి అంటుతుంది. అమ్మేవాళ్లు ఈ నీళ్ల పరీక్షకు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

కిందినుంచి ప్లాస్టిక్ టోపీలు అంటించి సీలెంట్ పూయడం ఒకటి రెండు వానాకాలాలకు పనికొస్తుంది. శాశ్వతంగా బాగుచేయాలంటే హుడ్, ఫెండర్లు, ముందు అద్దం, వైపర్ మోటారు అన్నీ విప్పి, పై రేకును పట్టుకున్న స్పాట్ వెల్డులన్నీ కట్టర్‌తో తొలిచి, రేకు లేపి, లోపలి భాగం మార్చి, ఎపాక్సీ ప్రైమర్ పూసి తిరిగి వెల్డు చేయాలి. ఇంట్లో వారాంతాల్లో చేస్తే రెండు మూడు నెలలు పడుతుంది. కొనే ధర మాట్లాడేటప్పుడే ఈ నెలలు లెక్కలో పెట్టుకోండి.

అపోహ: తుప్పు మీద కన్వర్టర్ పూసి, పుట్టీ పెట్టి, రుద్దేస్తే సరిపోతుంది.

కన్వర్టర్ అనే రసాయనం పైపై తుప్పును ఆపుతుంది. చిల్లు పడ్డ రేకుకు బలం తిరిగి ఇవ్వలేదు. పుట్టీ మందం 3 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే ఎండకూ చలికీ పగులుతుంది. పగులులోంచి తడి చేరి, కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది. క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే రేకు) కింది భాగాన, చక్రాల పైన, డోర్ల అడుగున పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోని చోటల్లా పుట్టీ ఉన్నట్టే.

ఫ్లోరు మార్చేటప్పుడు కోయడానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. డోర్లు బండికే ఉంచి మూసి, చుట్టూ సందులు కొలిచి రాసుకోండి. తర్వాత డోర్ తెరుచుకునే ఖాళీలో అడ్డంగా చదరపు పైపు వెల్డు చేసి బిగించాలి. బండి బరువు నాలుగు చక్రాల దగ్గర ఎలా పడుతుందో జాకీ స్టాండ్ల మీద కూడా అలాగే పడాలి. ఈ పని చేయకుండా రెండు వైపులా ఫ్లోరు ఒకేసారి కోసేస్తే బాడీ కుంగుతుంది, కొత్త రేకు ఆ కుంగిన ఆకారంలోనే వెల్డయిపోతుంది. తర్వాత డోర్ ఎంత సర్దినా సరిగా పడదు. టాపు లేని కన్వర్టిబుల్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి.

ఫ్లోరు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరే. దానికి 0.6 మిల్లీమీటర్ల తీగతో, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో నడిచే మిగ్ వెల్డర్ (తీగను తానే అందించే వెల్డింగ్ యంత్రం) సరిపోతుంది. గ్యాసు లేని ఫ్లక్స్ తీగతో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా రేకుకు చిల్లులే పెడతారు. అంగుళానికొక చుక్క చొప్పున టాకా వేసి, ఒకచోట వేశాక దూరంగా ఇంకోచోట వేస్తూ, మధ్య ఖాళీలు చల్లారుతూ నిండేలా చూడాలి. ఒకే గీతగా లాగితే రేకు అలలుగా లేస్తుంది. వెల్డింగ్‌కు ముందు పెట్రోలు ట్యాంకు విప్పి బయట పెట్టండి, బ్యాటరీ తీసేయండి. ఫ్లోరుకు అంటిన తారు షీట్లు గీకేయండి, అవి లోలోపల రాజుకుంటాయి. పని ఆపాక కనీసం అరగంట అక్కడే ఉండండి.

పెద్ద ప్యానెళ్లను ఇసుకతో బ్లాస్టింగ్ చేయించడం మరో తప్పు. హుడ్డూ, డోరు పైరేకూ గట్టి ప్రెషర్‌కు ఉబ్బి వంకరపోతాయి. వాటికి కెమికల్ స్ట్రిప్పరో, తక్కువ ప్రెషర్‌తో ప్లాస్టిక్ మీడియానో మేలు. ఇసుక బ్లాస్టింగ్ సస్పెన్షన్ చేతుల్లాంటి మందపాటి భాగాలకే.

అపోహ: జీటీ బ్యాడ్జి, గీతలు ఉంటే అది జీటీయే.

1965, 66ల్లో జీటీ (మస్టాంగ్‌లో స్పోర్టు రకం) అని బండి నంబరులో ఎక్కడా రాయలేదు. అయినా నంబరు చూసి అబద్ధాన్ని పట్టుకోవచ్చు. ఉదాహరణకు నంబరు 6టి07సి అని మొదలైతే: 6 అంటే 1966, టి అంటే మెటచెన్ ప్లాంటు (డియర్‌బోర్న్‌కు ఎఫ్, శాన్ హోసేకు ఆర్), 07 అంటే హార్డ్‌టాప్, సి అంటే రెండు బ్యారెళ్ల కార్బురేటర్ ఉన్న 289 వి8 (289 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఎంజిన్). ఆ రెండేళ్లూ జీటీ కట్టింది నాలుగు బ్యారెళ్ల ‘ఎ’ ఎంజిన్ బండ్లకూ, 271 హార్స్‌పవర్ ‘కె’ బండ్లకూ మాత్రమే. కాబట్టి ‘సి’ బండికి జీటీ ధర అడిగితే ఇవ్వకండి. ఎంజిన్ అక్షరం చోట టి ఉంటే అది ఆరు సిలిండర్ల 200 ఎంజిన్‌తో పుట్టిన బండి. చక్రానికి నాలుగే నట్లు ఉన్నా అంతే.

నంబరు డోర్ ప్లేటు మీద చదివి ఊరుకోకండి, ఆ ప్లేట్లు కొత్తవి చేయించుకోవచ్చు. డ్రైవర్ వైపు ఫెండర్ ఏప్రాన్ (ఎంజిన్ గదిలో కనబడే లోపలి రేకు) మీద కొట్టిన నంబరుతో సరిపోల్చండి.

అపోహ: డిస్కులు పెడితే బ్రేకుల సమస్య తీరినట్టే.

1966 దాకా మస్టాంగ్ మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే బ్రేకు ఫ్లూయిడ్‌ను తోసే భాగంలో) ఫ్లూయిడ్‌కు ఒకటే గది. ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. 1967 నుంచే రెండు గదులవి వచ్చాయి. మీ బండికి డ్రమ్ములే ఉంచుకోండి, ఫర్వాలేదు. కానీ మాస్టర్ సిలిండర్ మాత్రం రెండు గదులదే ఉండాలి. ఈ మార్పు చేయకుండా ఎంజిన్ శక్తి పెంచేవాళ్లను చూస్తే మాకు భయమేస్తుంది.

డిస్కులు పెట్టేటప్పుడు పొరపాటు జరిగేది డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌నే కొనసాగించినప్పుడు. డ్రమ్ముల లైన్లో సుమారు 10 పి.ఎస్.ఐ. ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. అది డిస్కు లైన్లో ఉండిపోతే ప్యాడ్లు డిస్కును వదలవు, కాసేపటికి చక్రం కాలుతుంది. వెనక డ్రమ్ములకు ఒత్తిడి తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు కూడా కావాలి, లేదంటే గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరుగుతుంది. పెడల్ రాడ్డుకూ పిస్టన్‌కూ మధ్య కొద్దిగా ఆట ఉంచాలి. ఆట లేకపోతే ఫ్లూయిడ్ తిరిగొచ్చే రంధ్రం మూసుకుపోయి, వేడెక్కిన కొద్దీ బ్రేకులు వాటంతటవే పట్టుకుంటాయి. పాత 14 అంగుళాల రిమ్ములు అన్నీ క్యాలిపర్‌కు తగలకుండా కూర్చోవు, కొనేముందు కొలుచుకోండి.

చక్రాల దగ్గరి మూడు రబ్బరు హోసులూ కళ్లు మూసుకుని మార్చేయండి. పైకి బాగున్నా లోపల ఉబ్బి, ఫ్లూయిడ్‌ను ముందుకు పంపి వెనక్కి రానివ్వవు. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసే వరుస: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ము విప్పి గాలి కొట్టకండి, తడి గుడ్డతో తుడవండి.

అపోహ: ఎనభైల నాటి 302 ఎంజిన్ తెచ్చి పెడితే నేరుగా కూర్చుంటుంది.

మౌంట్ల మీద కూర్చుంటుంది, నిజమే. ఇబ్బందులు ఆ తర్వాతే. పాత 289, 302ల ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లు మండే వరుస) 1-5-4-2-6-3-7-8. ఎనభైల మస్టాంగ్ 5.0 హెచ్.ఓ. ఎంజిన్‌ది 1-3-7-2-6-5-4-8. పాత లెక్కన ప్లగ్ వైర్లు పెడితే కార్బురేటర్‌లోంచి మంట కొడుతుంది. ఆర్డరును నిర్ణయించేది క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ), బ్లాకు కాదు. ఎవరైనా క్యామ్ మార్చి ఉంటే కొత్త క్యామ్ కాగితం చూడందే వైర్లు పెట్టకండి.

రెండోది బ్యాలెన్సు. పాత ఎంజిన్లకు 28 ఔన్స్-ఇంచ్, ఎనభైల ఆరంభం తర్వాతి వాటికి 50 ఔన్స్-ఇంచ్ బరువున్న డ్యాంపరూ (ఎంజిన్ ముందుండే చక్రం), ఫ్లైవీలూ (వెనకుండే చక్రం) కావాలి. పాత ఫ్లైవీల్ కొత్త ఎంజిన్‌కు బిగించినా బోల్టులన్నీ సరిపోతాయి. అందుకే ఈ తప్పు కంటికి దొరకదు. బండంతా వణికి, చివరికి బేరింగులు పోతాయి. మూడోది ఆయిల్ పాన్. పాత బండిలో స్టీరింగ్ కడ్డీ వెనకగా అడ్డం వెళ్తుంది కాబట్టి ముందు వైపు గుంట ఉన్న పానూ, దాని పికప్ గొట్టమూ తప్పనిసరి.

అపోహ: పెద్ద కార్బురేటర్, పెద్ద బోరు అంటే పెద్ద శక్తి.

లెక్క వేద్దాం. క్యూబిక్ అంగుళాలను ఆర్.పి.ఎం.తో గుణించి 3456తో భాగించాలి. 289 ఎంజిన్‌కు 6000 దగ్గర సుమారు 502 సి.ఎఫ్.ఎం. (నిమిషానికి క్యూబిక్ అడుగుల గాలి) వస్తుంది. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుంటే 426. కాబట్టి 500 నుంచి 600 లోపు కార్బురేటర్ చాలు. 750 పెడితే గాలి వేగం తగ్గి, తక్కువ ఆర్.పి.ఎం.లో పెట్రోలు సరిగా కలవక తొక్కగానే ఎంజిన్ తడబడుతుంది.

బోరు (సిలిండర్ వ్యాసం) 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెంచితే 289 కాస్తా 293 అవుతుంది. నాలుగు క్యూబిక్ అంగుళాలు. అరిగిన సిలిండర్‌ను గుండ్రం చేయడానికే బోరింగ్ చేయించండి, శక్తి కోసం కాదు. పాత పుస్తకాల్లోని హార్స్‌పవర్ అంకెలు చూసి ఈనాటి కార్లతో పోల్చకండి. 1971 మోడల్ దాకా అవి గ్రాస్ అంకెలు, అంటే సైలెన్సర్లూ ఇతర బరువులూ లేకుండా బెంచి మీద కొలిచినవి.

అపోహ: లెడ్ లేని పెట్రోలుతో ఈ ఎంజిన్ పాడవుతుంది, ప్రతి ట్యాంకుకూ మందు కలపాలి.

రోడ్డు బండ్లకు లెడ్ పెట్రోలు అమెరికాలో 1996లో పూర్తిగా ఆగింది. హెడ్డు విప్పినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించండి, ఇక మందు అక్కర్లేదు. అసలు ఇబ్బంది 10 శాతం ఇథనాల్‌తో. పాత రబ్బరు పైపులు మెత్తబడి ఎంజిన్ మీద కారతాయి. ఎస్.ఏ.ఇ. 30ఆర్9 అని ముద్ర ఉన్నవి వేసుకోండి.

పాత ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌ను చంపేది ఆయిలు. ఇప్పటి ఎస్.పి. గ్రేడు 5డబ్ల్యు-30లో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటదు, కాబట్టి క్యామ్‌ను కాపాడే జింకు కూడా తక్కువే. కొత్త క్యామ్‌కు బ్రేక్-ఇన్ ఆయిలు పోసి, లోబుల (క్యామ్ మీది గుబ్బల) మీద మాలీ పేస్టు పూసి, స్టార్టయిన వెంటనే ఐడిల్‌కు వదలకుండా 2000–2500 ఆర్.పి.ఎం. మధ్య 20 నిమిషాలు నడపాలి. ఐడిల్‌లో లోబుల మీదికి ఆయిలు చిమ్మడం చాలదు. అందుకే టైమింగు, ఫ్లోట్ మట్టం, కూలెంటు, పెట్రోలు అన్నీ ముందే సరిచూసుకుని తాళం తిప్పాలి. ఆ 20 నిమిషాల్లో లోబులు అరిగితే ఇనుప పొడి బేరింగుల్లోకి పోతుంది.

అపోహ: ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పాత బండిలో నిలవదు.

తీగ సరైన చోట కలిపితే నిలుస్తుంది. కాయిల్‌కు వెళ్లే గులాబీ రంగు తీగ మామూలు తీగ కాదు, వోల్టేజీ తగ్గించే రెసిస్టెన్సు తీగ. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ ఎర్ర తీగను దాని తర్వాత కలిపితే 12 వోల్టులు అందవు. దానికి ముందే కలపండి. ఎంజిన్ ఆపి తాళం ‘ఆన్’లో ఉంచేసినా మాడ్యూల్ కాలిపోతుంది.

అపోహ: మంచి మాస్కు పెట్టుకుంటే గ్యారేజీలో పెయింట్ కొట్టుకోవచ్చు.

ప్రైమర్ దాకా సరే. హార్డెనర్ కలిపే 2కె క్లియర్‌లో (చివరి మెరుపు పూతలో) ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి వాసన మాస్కు పాడైందని హెచ్చరించేంతగా ఉండదు. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొద్దిగా తగిలినా ఉబ్బసం వస్తుంది. బయటి గాలి పైపు ద్వారా అందించే మాస్కు లేకుండా క్లియర్ కొట్టకండి. రేకు సిద్ధం చేసి, చివరి కోటు బూత్ ఉన్న షాపులో కొట్టించుకోవడం మాకు నచ్చిన దారి. అమెరికా గ్యారేజీల్లో గ్యాసు వాటర్ హీటర్ పైలట్ మంట వెలుగుతూ ఉంటుంది, తిన్నర్ డబ్బా మూత తీసేముందే దాన్ని ఆర్పండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకును వెల్డు చేయకండి, ఆర్క్ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

ఇదే అదనులో వెనక సీటు తీసి చూడండి. ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకు పైభాగమే డిక్కీ నేల. దానికీ సీటుకూ మధ్య ఫ్యాక్టరీ పెట్టింది అట్ట మాత్రమే. వెనకనుంచి గుద్దుకుంటే ట్యాంకుకూ పిల్లలకూ మధ్య ఇంకేమీ ఉండదు. అక్కడ ఉక్కు రేకు కోసి, అంచుల్లో సీలెంటు పెట్టి, బోల్టులతో బిగించండి. ఒక సాయంత్రం పని.