మల్లెపొదను నిద్రపుచ్చి తరలించాలి

మా అమ్మ నాటిన గుండుమల్లెకు 20 ఏళ్ళు దాటాయి. పాత పెంకుటిల్లు అమ్మేసి కొత్తింటికి మారినప్పుడు, మే నెల ఎండల్లో, దాన్ని తవ్వి తెచ్చి దొడ్లో పెట్టాం. మధ్యాహ్నానికల్లా ఆకులు వేలాడేసింది. నీళ్ళు పోశాం. సాయంత్రం మళ్ళీ పోశాం. పదో రోజుకి మొదలు నల్లబడి చచ్చిపోయింది. కడియం నర్సరీల్లో చిన్నప్పటి నుంచీ పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చి, పాదులో మట్టి చిదిమి వాసన చూశారు. మురిగిన గుడ్డు కంపు. "దాహంతో కాదండి, ఊపిరాడక పోయిందండి ఇది" అన్నారు.

ఆ మాట అక్షరాలా నిజం. మొక్క నీళ్ళు తాగేది లావుపాటి వేళ్ళతో కాదు. పిల్లవేళ్ళ కొనల దగ్గర నూగులాంటి కేశాలుంటాయి. ఒక్కొక్కటీ ఒకే ఒక్క కణం, మన వెంట్రుక కన్నా సన్నం. తవ్వినప్పుడు మనం జాగ్రత్తగా పైకి తీసేది బోదెలాంటి వేళ్ళనే. నోరంతా పాత దొడ్లోనే ఉండిపోతుంది. పైన ఆకులకు ఆ సంగతి తెలియదు. వేరు పీల్చిన నీటిలో నూటికి 95 పాళ్ళకు పైగా ఆవిరిగా వదిలేసేవి అవే. రాబడి తెగిపోయినా ఖర్చు ఆగదు, అందుకే వాడిపోతుంది.

వాడిందని మనం నీళ్ళు గుమ్మరిస్తాం. డెల్టా నల్లమట్టిలో అసలు ముప్పు అక్కడే. గునపం, పార దెబ్బలకు గొయ్యి గోడలు కుండ లోపలిలా నునుపుదేలి, పోసిన నీరు ఇంకదు. నీటిలో ఆక్సిజన్ గాలిలో కన్నా దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా పాకుతుంది. తెగిన వేళ్ళు కొత్త కొనలు వేయాలంటే ఊపిరి కావాలి. అది అందక కుళ్ళిపోతాయి, నీళ్ళలో నిలబడి ఉండగానే మొక్క ఎండిపోతుంది.

చలిదేశాల్లో పియోనీ అనే పూలమొక్కను తరలించే పద్ధతి చూస్తే నాకు దారి కనిపించింది. అది శీతాకాలంలో పైన ఆకూ కాడా ఎండగట్టి, దుంపల్లాంటి వేళ్ళలో తిండి దాచుకుని పడుకుంటుంది. ఆకురాలు కాలంలోనే తవ్వి, మళ్ళీ చిగురేసే మొగ్గకళ్ళు 5 సెంటీమీటర్ల కన్నా లోతుకు పోకుండా నాటుతారు. లోతైతే ఆకులేస్తుంది గానీ పూయదు. చలి చాలక ఆ మొక్క మన దగ్గర పూయదు, మన మల్లెకేమో అలాంటి గాఢనిద్ర లేదు. ఏడాది పొడుగునా ఆకుతోనే ఉంటుంది. కాబట్టి దాని నిద్ర మనమే ఏర్పాటు చేయాలి: ఆకు ఖర్చు తగ్గించి, తెగిన చోట కొత్త పిల్లవేళ్ళు పుట్టాకే కదపాలి.

చిన్నమ్మ ఇంట్లో అదే పొద నుంచి తీసిన అంటు ఒకటి పెరిగి పెద్దదైంది. ఈసారి దాన్ని అడిగాం. కార్తీకం మొదట్లో మొదలుకు జానెడున్నర దూరంలో సగం చుట్టూ కందకం తీసి వేళ్ళు కోశాం. మూడు వారాలకు మిగతా సగం. చివుళ్ళలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి, కోసిన చోట పోగుపడి కొత్త వేళ్ళను పుట్టిస్తుంది. అందుకే పొదను బోడి చేయకుండా మూడో వంతు కొమ్మలు కోసి, సగం ఆకు దూశాం. మార్గశిరంలో కందకం అంచున మట్టి కొంచెం తీసి చూస్తే, గోధుమరంగు వేరు చివర బియ్యపు గింజంత తెల్లటి మొన. మెరుస్తోంది! అప్పుడే మట్టిముద్దతో సహా గోనెపట్టాలో కట్టి తెచ్చాం.

కొత్తచోట నేల మట్టానికి బెత్తెడు ఎత్తుగా, లంకమట్టి, అంటే ఏటి ఒండ్రు, కలిపిన దిబ్బ మీద నాటాం. గొయ్యి గోడల్ని గునపంతో గీరాం. నీళ్ళు పోసే ముందు ప్రతిసారీ వెదురుపుల్ల గుచ్చి, తడి అంటుకుంటే ఊరుకున్నాం. సముద్రం వైపు ఊళ్ళవాళ్ళు ఇంకో సంగతి చూసుకోవాలి: వేసవిలో కాలువలు కట్టేశాక ఉప్పు బోరునీళ్ళు పోస్తే, తడిలో ఉన్న వేరు కూడా నీళ్ళు లాగలేదు.

మొదటి వేసవి వచ్చిన మొగ్గలన్నీ అమ్మే గిల్లేసింది, బలం వేళ్ళకు పోవాలని. గిల్లుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి చైత్రంలో ఓ సాయంత్రం కొంగులోకి మొగ్గలు కోసింది. మూరకు చాలలేదు. మధ్యమధ్య మరువం పెట్టి కట్టింది.